ఓబీడీ అడాప్టర్లు, బైపాస్ కేబుళ్లు: అనంతపురం ఎండలో, దుమ్ములో వాడాక తేలింది

ఓబీడీ అడాప్టర్ అంటే స్టీరింగ్ కింది సాకెట్‌కు పెట్టి, బండి కంప్యూటర్లలోని ఫాల్టు కోడ్లను ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చదివే పరికరం. బైపాస్ కేబుల్ అంటే ఆ దారిలో కంపెనీ పెట్టిన కాపలాను పక్కన పెట్టే తీగ. మన వైపు తిరిగే కార్లలో ఎక్కువ వాటికి బైపాస్ కేబుల్‌తో పనే లేదు. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, ఇన్నోవా, ఐ20, బొలెరో, పెనుకొండ ప్లాంటు నుంచి వచ్చే సెల్టోస్, సోనెట్... వీటికి కావలసింది సరైన అడాప్టర్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి. అయినా ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ముందు చేసే పని ఏమిటంటే, ఐదారు వందల అడాప్టర్‌తో పాటు రంగురంగుల కేబుళ్ల సెట్టు ఆర్డర్ పెట్టడం. ఆ సెట్టులో సగం ప్లగ్గులకు సరిపడే బండి గుత్తి నుంచి హిందూపురం దాకా వెతికినా కనబడదు.

ఈ సమీక్షలో ఉన్నవి: ఓబీడీలింక్ ఎంఎక్స్ ప్లస్, వీలింకర్ ఎఫ్‌డీ ప్లస్, పేరూ ఊరూ లేని నీలం రంగు మినీ అడాప్టర్లు, ల్యాప్‌టాప్‌కు పెట్టే యూఎస్‌బీ కేబుళ్లు, జీప్ బండ్లకు వాడే 12+8 బైపాస్ కేబుల్, సాకెట్ పిన్నులను బయట నుంచి కొలిచే బ్రేకౌట్ బాక్స్. అన్నీ మేమే కొన్నవి, షెడ్డులో రోజూ చేతిలో ఉండేవి.

ముందు సాకెట్ సంగతి. స్టీరింగ్ కింద ఉండే ఆ 16 పిన్నుల సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్ నేరుగా వస్తుంది. 4వది బాడీ ఎర్త్, 5వది సిగ్నల్ ఎర్త్. 6, 14 పిన్నులు క్యాన్ హై, క్యాన్ లో, అంటే మాడ్యూళ్లు (బండిలోని చిన్న కంప్యూటర్లు) మాట్లాడుకునే తీగల జత. 7వది కే-లైన్, పాత బండ్లలో అదే పనికి వాడిన ఒంటి తీగ. మిగతా పిన్నుల్లో ఎక్కువ భాగం కంపెనీ ఇష్టం, అడాప్టర్ ఎంపికలో చిక్కంతా ఆ మిగతా పిన్నుల దగ్గరే మొదలవుతుంది. ఫోర్డ్ వాళ్లు బాడీ, ఏసీ, ఆడియో మాడ్యూళ్లను 3, 11 పిన్నుల మీద 125 కేబీపీఎస్ వేగంతో పెట్టారు. ఇంజన్, ఏబీఎస్ మాత్రం 6, 14 మీద 500 కేబీపీఎస్‌తో నడుస్తాయి. ఫియట్ లీనియా, పుంటోలో బాడీ నెట్‌వర్క్ 1, 9 పిన్నుల మీదికి వెళ్లింది. అందుకే వాటికి పిన్నులు మార్చే చిన్న అడాప్టర్ కేబుల్ నిజంగానే అవసరం. ఇది బైపాస్ కాదు, దారి మళ్లింపు. అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు కాబట్టి ఈ తేడా పట్టుకోవాలి.

సాకెట్ ఉన్నంత మాత్రాన బండి అన్ని యాప్‌లతోనూ మాట్లాడుతుందని లేదు. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండ్లలో సాకెట్ ఆకారం అదే అయినా లోపల కంపెనీ సొంత భాష ఉండొచ్చు. పాత మారుతిలో టార్క్ యాప్ 'కనెక్ట్ కాలేదు' అంటే అడాప్టర్‌ను తిట్టకండి. సుజుకీ కోసమే రాసిన ఎస్‌జెడ్ వ్యూయర్ లాంటి యాప్ పెట్టి చూడండి, కే-లైన్ మీద చక్కగా చదువుతుంది. అయితే అడాప్టర్‌లో కే-లైన్ సర్క్యూట్ ఉండాలి. చవక మినీల్లో కొన్నిట్లో ఆ సర్క్యూటే ఉండదు, డబ్బా మీద మాత్రం అన్ని ప్రొటోకాల్స్ పేర్లూ అచ్చు వేసి ఉంటాయి.

ఈ మినీల కథ కొంచెం తెలిస్తే మంచిది. ఈఎల్‌ఎం 327 అన్నది కెనడాలోని ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ చేసిన చిప్. తొలి వెర్షన్‌కు కాపీ రక్షణ పెట్టకపోవడంతో చైనాలో నకళ్లు పుట్టుకొచ్చాయి. అసలు కంపెనీ 2022లో మూతపడింది. వెర్షన్ 1.5 అని చెప్పుకునేవి బజారు నిండా ఉన్నాయి కానీ, అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్‌ను ఎప్పుడూ విడుదల చేయలేదు. అంటే ఆ అంకె కనబడితే నకలని తేలినట్టే. అలాగని 1.5 అని రాసినవన్నీ పనికిరానివి కావు, వాటిలో కొన్ని పాత కమాండ్లన్నీ ఒప్పుకుంటాయి. అసలు తలనొప్పి 2.1 అని చెప్పుకునే మినీలతో. అసలు 2.1లో ఉండాల్సిన కమాండ్లు చాలావాటిలో ఉండవు. యాప్ ఒక మాడ్యూల్‌ను పేరుపెట్టి పిలవాలంటే హెడర్ (ప్రశ్న ఏ మాడ్యూల్‌కో చెప్పేది), ఫ్లో కంట్రోల్ (పెద్ద జవాబును ముక్కలుగా పంపమనేది) కమాండ్లు కావాలి. అవి లేకపోతే ఇంజన్ ఒక్కటే కనబడుతుంది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లు బండిలో లేనట్టే ఉంటుంది. చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో చూసుకుని కోడ్ చెరపడానికే అయితే మినీ చాలు. అంతకు మించి ఆశ పెట్టుకుంటే డబ్బు దండగ.

కొన్నది ఏదైనా సరే, వాపసు గడువు దాటకముందే పరీక్ష పెట్టాలి. బ్లూటూత్ టెర్మినల్ యాప్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. ఇగ్నిషన్ ఆన్ చేసి, యాప్‌లో ఏటీజెడ్ (ATZ) అనే అడాప్టర్ కమాండ్ కొట్టి రీసెట్ చేయండి. ఏటీఐ కొడితే వెర్షన్ చెబుతుంది, దాన్ని పెద్దగా నమ్మక్కర్లేదు. ఏటీఆర్‌వీ కొడితే అడాప్టర్‌కు అందుతున్న వోల్టేజీ వస్తుంది. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మీటర్ చూపించేదానికీ దీనికీ అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే అడాప్టర్ కొలతో, ఎర్త్ తీగో సరిగా లేనట్టు. తర్వాత 0100 పంపండి, బండి ఏ వివరాలు ఇవ్వగలదో జాబితా వస్తుంది. ఆ పైన 0902. ఇది ఛాసిస్ నంబరు అడిగే ప్రశ్న. క్యాన్‌లో ఒక్క ఫ్రేములో ఎనిమిది బైట్లే పడతాయి, ఛాసిస్ నంబరు 17 అక్షరాలు కాబట్టి ముక్కలు ముక్కలుగా రావాలి. నంబరు పూర్తిగా, వరుస తప్పకుండా వస్తే పెద్ద జవాబులను అడాప్టర్ మోయగలదన్నమాట. సగంలో తెగినా, 'బఫర్ ఫుల్' అని వచ్చినా ఆ రోజే వాపసు కట్టేయండి. అయితే ఛాసిస్ నంబరు ఇవ్వని పాత బండి మీద ఈ పరీక్ష పెట్టి అడాప్టర్‌ను తప్పుపట్టొద్దు. బీఎస్-6 బండి మీద చూడండి.

ఫోన్ సంగతి కూడా కొనే ముందే చూసుకోవాలి. పాత రకం బ్లూటూత్ అడాప్టర్ ఆండ్రాయిడ్‌కు పనిచేస్తుంది, ఐఫోన్‌కు పనిచేయదు. ఐఫోన్‌కు బ్లూటూత్ లో-ఎనర్జీ గానీ, వైఫై గానీ, యాపిల్ అనుమతి ఉన్న అడాప్టర్ గానీ కావాలి. ఎంఎక్స్ ప్లస్‌కు ఆ అనుమతి ఉంది. వైఫై రకం పెడితే ఫోన్ అడాప్టర్ వైఫైకి అతుక్కుని ఇంటర్నెట్ తడబడుతుంది. ఆన్‌లైన్‌లో టోకెన్ (కంపెనీ ఇచ్చే తాత్కాలిక అనుమతి) తెచ్చుకోవాల్సిన పని ఉన్నప్పుడు అది పెద్ద అడ్డంకి.

ఎంఎక్స్ ప్లస్ ఖరీదు మినీల కంటే చాలా ఎక్కువే. దానికి ఆ ధర పెట్టొచ్చా? ఫోర్డ్, జీప్ బండ్లు తరచూ వచ్చే షెడ్డుకైతే పెట్టొచ్చు. 6-14 నుంచి 3-11కి అదే మారుతుంది, చేత్తో స్విచ్ నొక్కే పని లేదు. ఫోర్స్‌క్యాన్ (ఫోర్డ్ బండ్ల కోసం రాసిన యాప్) ఒకే దఫాలో రెండు నెట్‌వర్కులనూ చదివేస్తుంది. ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది గానీ ఎకోస్పోర్ట్‌లు, ఫిగోలు ఇంకా దండిగా తిరుగుతున్నాయి, కాబట్టి ఈ పని ఇప్పట్లో పోదు. వీలింకర్ ఎఫ్‌డీ ప్లస్ ఇదే పని తక్కువ ధరకు చేస్తుంది. లైవ్ డేటా వేగంలో తేడా చేతికి తెలియదు. రెండింటిలో ఒకటి కొనమంటే సొంత కారు ఉన్నవాడికి వీలింకర్ చెబుతాను, షెడ్డుకు ఎంఎక్స్ ప్లస్. షెడ్డుకు అది ఎందుకంటే నిద్రపోయే పద్ధతి. ఇంజన్ ఆపాక ఎంఎక్స్ ప్లస్ తనంతట తానే పడుకుంటుంది.

ఈ నిద్ర చిన్న విషయం కాదు. నిద్రపోని మినీ 40 మిల్లీఆంపులు లాగుతుందనుకోండి, రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్ పోతుంది. బండి సొంతంగా తాగేది మరో 20, 30 మిల్లీఆంపులు ఉంటుంది. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్. అడాప్టర్ పెట్టి మరిచి, బండి ఇంటి ముందు వదిలి రెండు వారాలు బెంగళూరు వెళ్లొస్తే బ్యాటరీలో మూడింట రెండొంతులు ఖాళీ. ఎండాకాలం వేడికి అప్పటికే నీరసించిన బ్యాటరీ అయితే సెల్ఫ్ తిరగదు. కొత్త బండ్లలో ఇంకో చిక్కు: అడాప్టర్ అడుగుతూనే ఉంటే మాడ్యూళ్లు నిద్రపోవు, అప్పుడు లాగుడు మిల్లీఆంపుల్లో ఆగదు. పని కాగానే పీకేయడమే పద్ధతి. ఓబీడీలో పెట్టే జీపీఎస్ ట్రాకర్ ఉంటే స్కాన్ చేసేటప్పుడు అదీ పీకాలి. రెండూ ఒకేసారి ప్రశ్నలు వేస్తే జవాబులు ఒకదానివి ఒకదానికి పోతాయి, లేని ఫాల్టులు కనబడతాయి.

ఎండకు వస్తే, మే నెలలో అద్దాలు మూసి నీడ లేకుండా నిలబెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. మినీల పెంకులు అతుకు దగ్గర విచ్చుకుంటాయి, బోర్డు లోపలికి జారి పిన్నులు వదులవుతాయి. దుమ్ము ఇంకో వైపు నుంచి చెడగొడుతుంది. తాడిపత్రి, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల రోడ్లలో తిరిగే బండ్ల సాకెట్లో సన్నటి పొడి పేరుకుంటుంది. పెట్రోలు పోసి కడగొద్దు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి పెట్టండి. మీటర్ ప్రోబును సాకెట్ రంధ్రాల్లోకి గుచ్చడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. లోపలి రేకు వెడల్పయిపోయి, ఆ తర్వాత ఏ అడాప్టర్ పెట్టినా గుంతలో పడినప్పుడల్లా కనెక్షన్ తెగుతుంది. దీనికి మందు బ్రేకౌట్ బాక్స్. ఇటు సాకెట్‌కు, అటు అడాప్టర్‌కు మధ్యలో పెట్టి, 16 పిన్నులనూ బయట నుంచే కొలుచుకోవచ్చు. ఈ సమీక్షలో ఉన్న వస్తువులన్నిటిలోకీ రూపాయికి రూపాయి పని ఇచ్చింది ఇదే, బైపాస్ కేబుల్ కాదు.

బ్రేకౌట్ బాక్స్‌తో చూడాల్సినవి మూడే. 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజీ రావాలి. రాకపోతే ఫ్యూజు చూడండి, చాలా బండ్లలో అది సిగరెట్ లైటర్‌దో, లోపలి లైటుదో అయి ఉంటుంది. ఫోన్ ఛార్జర్ పెట్టి ఫ్యూజు కొట్టేశారంటే స్కానర్ వెలగదు, బండి మాత్రం నడుస్తుంది. 4వ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య, అడాప్టర్ వెలుగుతుండగా, 0.1 వోల్టు మించకూడదు. మూడోది: బ్యాటరీ మైనస్ తీసి, 6కీ 14కీ మధ్య ఓమ్స్‌లో కొలవాలి. రెండు చివరల 120 ఓమ్స్ రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నా దగ్గర వస్తే రెండు తీగలూ ఒరుసుకున్నాయి. గేట్‌వే (సాకెట్‌కూ బండి తీగలకూ మధ్య ఉండే కాపలా మాడ్యూల్) ఉన్న బండిలో మాత్రం సాకెట్ నుంచి కనబడేది గేట్‌వే వరకు ఉన్న ముక్కే, దాని అవతల ఏముందో ఈ కొలత చెప్పదు.

ఇక గేట్‌వే, బైపాస్.

2015లో ఇద్దరు పరిశోధకులు, చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ మీదుగా నడుస్తున్న జీప్ చెరోకీని ఆడించి చూపించారు. ఆ తర్వాత అమెరికాలో 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచారు. 2018 మోడళ్ల నుంచి ఫియట్ క్రైస్లర్ బండ్లలో సెక్యూరిటీ గేట్‌వే వచ్చింది. ఓబీడీ సాకెట్ ఇప్పుడు నేరుగా బండి తీగలకు అతుక్కుని లేదు, మధ్యలో కాపలాదారు ఉన్నాడు. అనుమతి లేని స్కానర్‌తో కోడ్లు చదవనిస్తాడు. ఏబీఎస్, బాడీ మాడ్యూళ్ల కోడ్లు చెరపడం, విడిభాగాలను ఆడించి చూడటం, కొత్త అమరికలు రాయడం కుదరవంటాడు. కోడ్ చదివి, చెరపబోతే ఒప్పుకోకపోతే గేట్‌వే ఉన్న బండి అని గుర్తు.

12+8 కేబుల్ చేసేది ఆ కాపలాదారును పక్కన పెట్టడమే. గేట్‌వే మాడ్యూల్‌కు రెండు ప్లగ్గులు వస్తాయి, ఒకటి 12 పిన్నులది, ఇంకోటి 8 పిన్నులది. రెండూ పీకి కేబుల్‌కు పెడితే, కేబుల్ ఇంకో చివర మామూలు ఓబీడీ సాకెట్ ఉంటుంది. కేబుల్ రాగానే బండికి పెట్టకండి, ముందు మీటర్‌తో ఒక్కో తీగ చూడండి. ఓబీడీ చివరలో 4, 5, 16తో పాటు 6, 14, 3, 11 అన్నిటికీ కంటిన్యుటీ ఉండాలి. చవక కేబుళ్లలో 3, 11 ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు ఇంజన్ వైపు నెట్‌వర్క్ అందుతుంది, డోర్లు, రేడియో, ఏసీ వైపు 125 కేబీపీఎస్ నెట్‌వర్క్ అందదు. కేబుల్ బాగున్నా అడాప్టర్ మామూలు మినీ అయితే ఫలితం అదే, అది 3-11 వైపు చూడనే చూడదు. కాబట్టి బైపాస్ కేబుల్ కొనేవాళ్లు ఎంఎక్స్ ప్లస్ స్థాయి అడాప్టర్ కూడా లెక్కలో వేసుకోవాలి.

పెట్టేటప్పుడు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసి, పది నిమిషాలు ఆగండి. డ్యాష్‌బోర్డు లోపల ఎయిర్‌బ్యాగ్ తీగలు పక్కనే ఉంటాయి, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో నిల్వ ఉన్న కరెంటు దిగాలి. గేట్‌వే ఎక్కడుందో మోడల్‌ను బట్టి మారుతుంది. సర్వీస్ మాన్యువల్ చూడకుండా ప్లాస్టిక్ విప్పితే క్లిప్పులు విరుగుతాయి, తర్వాత గతుకుల్లో కిర్రుకిర్రు శబ్దం జీవితాంతం. ప్లగ్గు తాళం నొక్కి పట్టి లాగాలి, తీగ పట్టుకుని కాదు. కేబుల్ పెట్టాక, బ్యాటరీ కలపక ముందే 6-14 మధ్య 60 ఓమ్స్ చూసుకోండి. అది వచ్చాకే బ్యాటరీ, ఇగ్నిషన్.

పని అయ్యాక వచ్చే చిక్కును ఏ అమ్మకందారూ చెప్పడు. గేట్‌వే లేకుండా బండి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ మిగతా మాడ్యూళ్లు 'గేట్‌వేతో మాట తెగింది' అని యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు రాసుకుంటాయి. కేబుల్ తీసి గేట్‌వే తిరిగి పెట్టాక ఆ కోడ్లు పాతవిగా మిగులుతాయి. వాటిని చెరపాలంటే మళ్లీ గేట్‌వే అడ్డం! మామూలుగా వాటివల్ల నష్టం లేదు గానీ, తర్వాత బండి షోరూముకు వెళ్తే వాళ్ల టూల్‌లో కనబడతాయి. వారంటీలో ఉన్న బండికి ఈ కేబుల్ పెట్టకపోవడమే మేలు. కేబుల్‌ను డ్యాష్‌బోర్డు లోపల శాశ్వతంగా వదిలేసి సాకెట్ ఒకటే బయటికి వేలాడదీసేవాళ్లు ఉన్నారు. అది అసలు వద్దు. గేట్‌వే పెట్టిన కారణమే బయటి నుంచి వచ్చే చొరబాటు. దాన్ని తీసేస్తే బండి మళ్లీ 2015 నాటి స్థితికి వెళ్తుంది.

ఒక్క కంపెనీ బైపాస్ చూసి, అన్నిటికీ కేబుల్ ఉంటుందనుకుంటే పొరపాటు. ఫోక్స్‌వాగన్ వాళ్ల ఎస్‌ఎఫ్‌డీ రక్షణ 2020 ప్రాంతంలో ఎనిమిదో తరం గోల్ఫ్‌తో వచ్చింది. దానికి తాళం తీగలో లేదు, మాడ్యూల్ లోపలే ఉంది. కంపెనీ సర్వర్ నుంచి టోకెన్ తెస్తే 90 నిమిషాలు తెరుచుకుంటుంది, తర్వాత మూసుకుంటుంది. 'ఎస్‌ఎఫ్‌డీ బైపాస్ కేబుల్' అని ఎవరైనా అమ్మితే అది వట్టి తీగ. పోలో, వెంటో లాంటి పాత బండ్లకు ఈ గొడవ లేదు, వాటికి వీసీడీఎస్ అనే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ చాలు. ఐరాస ఆర్-155 సైబర్ భద్రత నిబంధన యూరప్‌లో 2022 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2024 జూలై నుంచి అమ్మే కొత్త బండ్లన్నిటికీ వర్తించింది. కంపెనీలు టోకెన్ దారికే పోతున్నాయి. ఇప్పుడు కొత్త స్కానర్ కొనేటప్పుడు డబ్బాలో ఎన్ని కేబుళ్లున్నాయో లెక్కపెట్టడం కంటే, గేట్‌వే అనుమతి రిజిస్ట్రేషన్ మన దేశంలో ఇస్తారా, ఏడాదికి ఎంత కట్టాలి అని అడగడం ముఖ్యం. దుకాణంలో "అన్నా, ఇది అన్ని బండ్లకూ పడుతుంది" అంటే ఆ మాటనే బిల్లు మీద రాయించుకోండి. రాయరు.

ల్యాప్‌టాప్ కేబుళ్ల గురించి కొంచెం. టయోటా డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ టెక్‌స్ట్రీమ్‌కు వాడే మినీ వీసీఐ కేబుళ్ల నకళ్లు చవక. ఇంజెక్టర్ మార్చాక దాని కాంపెన్సేషన్ కోడ్ ఎక్కించడం లాంటి పనులు ఈ రకం టూల్‌తోనే అవుతాయి, ఫోన్ యాప్‌తో కావు. యూఎస్‌బీ కేబుల్‌లో ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ (యూఎస్‌బీకీ బండికీ మధ్య మాట కలిపేది) అసలుదా కాదా అన్నది ముఖ్యం. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ అప్‌డేట్ నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నా చేసేసింది, కేబుళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. అసలు చిప్ అయితే డివైస్ మేనేజర్‌లో లేటెన్సీ టైమర్‌ను 16 నుంచి 1 మిల్లీసెకండుకు దించండి, మధ్యలో తెగే కనెక్షన్లు చాలా తగ్గుతాయి. బీఎండబ్ల్యూ ఎఫ్, జీ సిరీస్‌లకు ఈథర్‌నెట్ కేబుల్ వేరే ఉంటుంది. అందులో 16కీ 8కీ మధ్య 510 ఓమ్స్ రెసిస్టర్ లేకపోతే బండి నెట్‌వర్క్ మేలుకోదు.

ఏ మాడ్యూల్‌లోనైనా రాసేటప్పుడు బ్లూటూత్ వద్దు, వైరే వాడాలి. మామూలు బ్యాటరీ ఛార్జర్ కాకుండా, 13.5 వోల్టుల దగ్గర నిలకడగా నిలబెట్టే పవర్ సప్లై పెట్టాలి. ఏసీ, లైట్లు, ఫ్యాను ఆపాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఫ్యాను ఒక్కటి తిరిగితేనే బ్యాటరీ దిగిపోతుంది. షెడ్డులో కరెంటు పోతూ వస్తూ ఉంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఎక్స్‌టెన్షన్ తీగలు ఎంత పొట్టివైతే అంత మంచిది. టెస్టర్ కేబుల్‌కు ప్రమాణాల్లో గరిష్ఠం 5 మీటర్లు, కానీ చవక రిబ్బన్ తీగలు అంతకు చాలా ముందే 500 కేబీపీఎస్ దగ్గర తడబడతాయి. అర మీటరు గుండ్రటి తీగ, లోపల క్యాన్ జత మెలితిప్పి ఉన్నది తీసుకోండి. వై ఆకారం తీగ అసలు కొనకండి.

లారీ డ్రైవర్లు కారు అడాప్టర్‌నే అడుగుతుంటారు. అది 24 వోల్టుల బండి. మినీలోని రెగ్యులేటర్ 12కే వేడెక్కుతుంది, 24కు కాలిపోతుంది. బతికినా లాభం లేదు, చాలా లారీలు మాట్లాడేది జే-1939 భాష, కారు యాప్‌లు దాన్ని అర్థం చేసుకోవు. దానికి 24 వోల్టుల టూల్ వేరేగా తీసుకోవాలి.

తాళంచెవులు పోయినప్పుడు వాడే బీసీఎం (బాడీ మాడ్యూల్), స్మార్ట్ కీ బైపాస్ కేబుళ్ల మీద ఇక్కడ మార్కులు వేయడం లేదు. అవి షెడ్డులో ఉంటే పక్కనే రిజిస్టరు ఉండాలి: ఆర్‌సీ నకలు, యజమాని గుర్తింపు కార్డు, సంతకం. ఆ కాగితాలు లేకుండా వచ్చిన బండికి తాళం చేయమని ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ కేబుల్ బయటికి తీయొద్దు.